రీలు దారిలో ఉంది

సినిమా సగంలో ఆగిపోవడాన్ని మించిన భాగ్యం మనిషి జన్మకు ఇంకొకటి లేదు!

చెప్పులు విప్పకండి. ముందు నేను చెప్పేది వినండి, ఆ తరవాత మీ ఇష్టం.

బొంబాయి తెలుగువాళ్ళకు మల్లికార్జున చిత్రమాల గురించి ఒకరు చెప్పాలా? పై ఊళ్ళ పాఠకుల కోసం చెబుతాను. దాని యజమాని శంకర్రావుగారు ఒకప్పుడు బిల్డింగులకు రంగులు వేయించే కాంట్రాక్టరు. కామాటిపుర పక్కన, వారమంతా హిందీ సినిమాలాడే ఓ పాత హాలును ఆదివారం పొద్దుటిపూట అద్దెకు తీసుకుని తెలుగు బొమ్మ వేయడం మొదలుపెట్టారు. జనం విరగబడ్డారు. వర్లిలో ఇంకో హాలు తీసుకున్నారు. ఆ తరవాత దాదర్‌లో. మొన్నమొన్న ధారావిలో. హాళ్ళు నాలుగయ్యాయి. ప్రింట్లు మాత్రం రెండే! ఇల్లు పెద్దదయినంత మాత్రాన చాపలు కూడా కొనాలని ఎక్కడయినా రూలుందా?

అందుకని వర్లిలో ఆడిన రీళ్ళు దాదర్‌కు పోతాయి. కామాటిపురలో ఆడిన రీళ్ళు రేకు డబ్బాలో పడుకుని ట్యాక్సీ ఎక్కి ధారావికి పోతాయి. ట్రాఫిక్ బాగుంటే సినిమా సాగుతుంది. బాగుండకపోతే హీరోయిన్ను కొండ అంచున వేలాడదీసి లైట్లు వేస్తారు. తెర మీద ఒక స్లయిడు పడుతుంది. "రీలు దారిలో ఉంది. దయచేసి కూర్చోండి."

జనం ఈలలేస్తారు, కుర్చీలు బాదుతారు. అజ్ఞానం! ఆ ఆగిన కాసేపట్లో జరిగే మేలు వాళ్ళకు కనబడదు. మా ఎరుకలో ఒక పెళ్ళి సంబంధం ఇలా రీలు ఆగినప్పుడే కుదిరింది. రీలు వచ్చాక పిల్లవాడి ముఖం సరిగ్గా చూడలేదని పిల్ల అంటే, ఇంకో రీలు ఆగేదాకా ఓపిక పట్టారు. అన్నదమ్ములిద్దరు వాటా తగాదా తీర్చుకున్నారు. ఒకాయన పేపరు మొత్తం, టెండరు నోటీసులతో సహా చదివేసి లోకజ్ఞాని అయిపోయాడు. పసిపిల్లలు ఆ స్లయిడు చూసే తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నారు. మున్సిపల్ స్కూలు అన్నేళ్ళు ప్రయత్నించినా సాధించని పని అది!

ఇవన్నీ చిన్న మేళ్ళు. అసలు మేలు చంద్రమ్మకు జరిగింది.

చంద్రమ్మది కామాటిపురలో ఓ గల్లీలో వరసగదుల చాళీ, మేడ మీద చివరి ఖోలీ, అంటే ఒంటి గది. కామాటిపుర పేరు చెబితే బయటివాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ నగరానికి రాళ్ళు మోసిన కామాటీల పేరు మీద వెలిసిన పేట అది, మనవాళ్ళు తాతలనాటి నుంచీ అక్కడే ఉన్నారు. చంద్రమ్మ కూడా పాలమూరు నుంచి కూలికొచ్చిన కుటుంబంలోదే. వారమంతా లేచే బిల్డింగుల మీదికి తట్టలు మోస్తుంది. భర్త పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, మంగళ. మంగళను ధారావిలో ఇచ్చింది. అల్లుడు అక్కడే ఓ బట్టల కార్ఖానాలో మిషను కుడతాడు. వియ్యపురాలు రత్నాబాయి. నోరున్న మనిషి. ఆమె మాట్లాడుతుంటే ఎదురింటి రేడియో ఆపేస్తారు, వినబడదు కనుక.

ఇక్కడ మనవాళ్ళ మర్యాద గురించి ఒక మాట చెప్పుకోవాలి. వియ్యాలవారింటికి పిలవకుండా పోకూడదు. పిలవాలంటే కారణం ఉండాలి. పండగో, పురుడో, ఇంకేదో. ఊరికే "బిడ్డను చూడాలనిపించింది" అని పోతే ఎంత నామోషీ! బిడ్డ ఇంట్లో తినడానికొచ్చిందంటారు. ఇటు వియ్యపురాలు కోడల్ని వెంటబెట్టుకుని ఊరికే పుట్టింటికి వస్తే, కోడల్ని పోషించలేక తెచ్చి దింపిందంటారు. అందుకని బొంబాయిలో వియ్యపురాళ్ళు ఒకే బస్సు రూట్లో ఉండి కూడా ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూసుకోకుండా గౌరవంగా బతికేస్తుంటారు.

కానీ సినిమాహాలు ఎవరి ఇల్లూ కాదు కదా! అక్కడ ఎదురుపడితే ఎవరు ఎవరింటికి వచ్చినట్టూ కాదు. "ఏం వదినా, బొమ్మకొచ్చినవా?" "ఆఁ, బొమ్మకే." అంతే. మర్యాద చెక్కు చెదరదు.

ధారావిలో హాలు లేని రోజుల్లో, ప్రతి ఆదివారం రత్నాబాయి కోడల్ని తీసుకుని బస్సెక్కి కామాటిపుర హాలుకు వచ్చేది. ముందు వరసలో అత్తాకోడళ్ళు. సరిగ్గా మంగళ వెనక కుర్చీలో చంద్రమ్మ. లైట్లారిపోగానే చంద్రమ్మ నడుముకు దోపుకున్న కొబ్బరినూనె సీసా తీసేది. కూతురి జడ విప్పేది. నూనె అంటి, చిక్కు తీసి, పాయలు విడదీసి, మళ్ళీ అల్లేది. తెర మీద యుద్ధాలు జరిగేవి, పెళ్ళిళ్ళయ్యేవి, విలన్లు చచ్చేవారు. చంద్రమ్మ చేతులు మాత్రం ఆగేవి కావు. మూడు గంటల సినిమాలో ఆమె చూసేది కూతురి తలకాయ వెనక భాగం ఒక్కటే. చాళీలో ఎవరయినా "బొమ్మ ఎట్లుంది చంద్రమ్మా?" అని అడిగితే, "మంచిగుంది, మొన్నటికన్న ఒత్తుగుంది" అనేది.

రత్నాబాయి ఎప్పుడూ వెనక్కి తిరిగేది కాదు. అంత శ్రద్ధగా సినిమా చూసే మనిషి ఆ హాల్లో ఇంకొకరు లేరు.

అంతా సవ్యంగా సాగుతుండగా మంగళ నెల తప్పింది. కడుపుతో ఉన్న పిల్ల అంత దూరం నుంచి బస్సులో నిలబడి వస్తుందేమో, డ్రైవరు బ్రేకు వేస్తే ఏమవుతుందోనని చంద్రమ్మకు బెంగ పట్టుకుంది. తట్ట మోస్తున్నా అదే, అన్నం తింటున్నా అదే. ప్రేమ ఎక్కువయినప్పుడు మనవాళ్ళు చేసే పనే ఆమె చేసింది. ఎవరినీ అడగకుండా మేలు చేయబోయింది.

కామాటిపుర హాలు గేటు దగ్గర శంకర్రావును పట్టుకుంది.

"సేటూ, ధారావిల గూడ ఒక టాకీసు పెట్టరాదు? గక్కడ మనోళ్ళు మస్తుగున్నరు. కడుపుతోనున్న పిల్లలు బస్సుల వడి గింత దూరం వస్తున్నరు, పాపం గాదు?"

శంకర్రావు ఒక ఆదివారం నవ్వి ఊరుకున్నాడు. మరో ఆదివారం తప్పుకుపోయాడు. చంద్రమ్మ వదిలితేనా! చెవిలో జోరీగలా తగులుకుంది. పాలమూరు ఆడవాళ్ళందరినీ కూడగట్టి గేటు ముందు నిలబెట్టింది. చివరికి ఆయన ధారావిలో హాలు చూశాడు. ప్రారంభం నాడు మైకు పట్టుకుని, ఇది పబ్లిక్ డిమాండ్ అన్నాడు, తెలుగుజాతి ఎదుగుదల అన్నాడు. పబ్లిక్‌ని స్టేజి మీదకు పిలిచి కొబ్బరికాయ చేతికిచ్చాడు. చంద్రమ్మ ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసింది. చప్పట్లు! మెడలో బంతిపూల దండ! కింద రత్నాబాయి, మంగళ కూర్చుని చూస్తున్నారు. "ఇగ మా బిడ్డకు బస్సు ఎక్కే బాధ లేదు," అని చంద్రమ్మ మైకులోనే చెప్పింది.

మరుసటి ఆదివారం నూనె సీసా నడుముకు దోపుకుని కామాటిపుర హాలుకు వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ముందు కుర్చీ ఖాళీగా ఉంది. లైట్లారిపోయాయి. కుర్చీ ఖాళీగానే ఉంది. టైటిల్సు పడుతున్నప్పుడు ఆమెకు విషయం బోధపడింది. కూతురికి బస్సెక్కే బాధ తప్పింది. కనుక కూతురు బస్సెక్కలేదు!

ఇంత చిన్న సంగతి ముందే తట్టలేదా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. తట్టలేదు. ఆమె బుర్రలో ధారావి హాలు కట్టుకుంది, అందులో కూతుర్ని హాయిగా కూర్చోబెట్టుకుంది, ఆ కూతురి వెనక తనను కూడా కూర్చోబెట్టుకుంది. తానుండేది కామాటిపుర అన్న ముక్క మర్చిపోయింది.

అయితేనేం, లాభం చూడండి! చంద్రమ్మ ఆ రోజు జీవితంలో మొదటిసారి ఒక సినిమా మొదటినుంచి చివరిదాకా చూసింది. బయటికి వచ్చి, "అయ్యో, గింత పిచ్చిగుంటదా సైన్మ అంటే! మరి ఇన్నొద్దులు మందంత ఎట్ల జూసిండ్రు?" అని నివ్వెరపోయింది. మన చిత్రమాల ఎదగకపోతే ఈ విమర్శనా జ్ఞానం ఆమెకు వచ్చేదా?

మరి ఆమే ధారావి హాలుకు పోవచ్చు కదా అంటారు. ఎట్లా పోతుంది? కామాటిపురలో హాలుండగా ధారావికి పోతే అది బొమ్మకు పోయినట్టా, బిడ్డ కోసం పోయినట్టా? చూసేవాళ్ళకు కళ్ళు లేవా? అడిగితే ఏం చెప్పాలి?

అందుకని రీళ్ళు మోసే బక్కయ్యను ఆశ్రయించింది. బక్కయ్యది వాళ్ళ పక్క ఊరే. కామాటిపురలో ఆడిన డబ్బా ట్యాక్సీలో వేసుకుని ధారావిలో ఇచ్చి వచ్చేవాడు. ప్రతి ఆదివారం డబ్బాతోపాటు ఒక మూట కూడా పోయేది. సర్వపిండి, చింతకాయ తొక్కు, మల్లెపూల మాల. బక్కయ్య తిరిగి రాగానే ఇంటర్వ్యూ!

"అన్నా, బిడ్డ ఎట్లుంది?"

"మంచిగనే ఉంది."

"తల దువ్వుకున్నదా?"

"నేను రీళ్ళు జూడాల్నా, తలకాయలు జూడాల్నా చంద్రమ్మా?" అని విసుక్కునేవాడు. ఆ తరవాత జాలిపడి, "దువ్వుకున్నట్టు లేదు," అనేవాడు. అది ఇంకా అన్యాయం. ఆ వారమంతా ఆమెకు నిద్ర పట్టేది కాదు.

వానలు మొదలయ్యాయి. మంగళకు నెలలు నిండుతున్నాయి. ధారావి నుంచి కబురు లేదు. తొలికాన్పు పుట్టింట్లో చేయాలి, అది మనవాళ్ళ ఆనవాయితీ. కానీ పంపుతామని అత్తింటివాళ్ళు ఒక్క మాటయినా అంటే కదా ఈమె వెళ్ళి తీసుకొచ్చేది! పెద్ద ఆసుపత్రి వాళ్ళకే దగ్గర, టాకీసు దగ్గర, మార్కెట్టు దగ్గర. ఇంకా ఈ మేడ మీద చివరి ఖోలీకి ఎందుకు పంపుతారని చంద్రమ్మ కుమిలిపోయింది. కొబ్బరికాయ కొట్టిన చేతిని తిట్టుకుంది.

ఆ ఆదివారం హోరున వాన. బక్కయ్య డబ్బా భుజాన వేసుకుని కామాటిపుర హాలు మెట్లు దిగుతూ జారి పడ్డాడు. మడమ బెణికింది, లేవలేడు. బయట ట్యాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. ధారావిలో ఉన్న రీలు అయిపోవచ్చింది. మేనేజరు నెత్తి బాదుకుంటున్నాడు.

చంద్రమ్మ చీర కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. వారమంతా ఇటుకలు మోసే తలకు రీళ్ళ డబ్బా ఒక లెక్కా! ఎత్తుకుంది.

"నేను దీస్కపోత. ఎవడన్న అడిగితే రీలియ్యనీకి వచ్చిన అంట," అంది.

ఆ చివరి మాట ఎవరితో అందో మేనేజరుకు అర్థం కాలేదు. మీకర్థమయింది కదా?

ధారావి హాల్లో లైట్లు వేసి ఉన్నాయి. స్లయిడు పడి ఉంది. ఈలలు, కేకలు. ఆపరేటరు గదికి పక్కనుంచి మెట్లుంటాయని చంద్రమ్మకు తెలియదు. తలుపు తోసుకుని, నెత్తిన డబ్బాతో, తడిసి ముద్దయి, నేరుగా జనం మధ్యకు వచ్చేసింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఏ హీరోకయినా అలాంటి ఎంట్రీ దొరికిందా చెప్పండి!

ఆమె ఆ చప్పట్లు వినలేదు. వరసలు వెతుక్కుంటూ నడిచింది. మంగళ కనబడింది. నిండు గర్భిణి. తల రేగిపోయి ఉంది. చంద్రమ్మ వెనక కుర్చీ మనిషిని, "జర లెవ్వయ్యా," అని లేపి కూర్చుంది. డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుంది. ఇప్పటికీ అలవాటుగా నడుముకు దోపుకునే నూనె సీసా తీసింది.

"అమ్మా!" అంది మంగళ. వెనక్కి తిరగబోయింది.

"ముంగటికి తిరుగు బిడ్డా. గీ తలకాయేందే, పిట్టగూడు లెక్క! ఇంతమంది ఉండి ఎవ్వరు సూస్తలేరా నిన్ను?"

ఆపరేటరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, డబ్బా ఇయ్యి, పబ్లిక్ కుర్చీలు ఇరగ్గొడుతున్నది!"

"ఇస్త. జడ అయినంక ఇస్త."

"జడేందమ్మా! మందంత ఆగిండ్రు!"

"నేను ఆగలే ఇన్ని ఆదివారాలు? జర సేపు ఆళ్ళు గూడ ఆగనియ్యి," అంది చంద్రమ్మ. చిక్కు తీస్తూనే ఉంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. వాననీళ్ళని చెప్పుకోవడానికి వీలుంది కనుక తుడుచుకోలేదు.

హాలు ఈలలు ఆపింది. లైట్ల వెలుగులో అంత మంది చూస్తుండగా, రత్నాబాయి మొదటిసారి వెనక్కి తిరిగింది.

"ఏం వదినా, ఇన్నొద్దులు ఉత్త మూటలు వంపి, ఇప్పుడు యాదికొచ్చిందా బిడ్డ?"

"నాకు యాదికి రాకుండ ఎన్నడుండె? మీరే, ఇంటి ముంగట టాకీసు రాంగనే మమ్ముల మరిస్తిరి."

"మేం మరిస్తిమా! కొబ్బరికాయ గొట్టిందెవరు? ధారావిల టాకీసు పెట్టుమని సేటు ఎంట వడ్డదెవరు? ఇగ బస్సు ఎక్కే బాధ లేదని మైకుల జెప్పిందెవరు? మేం మీదిక్కు వచ్చుడు నీకిష్టం లేదనుకున్న. రావద్దన్నోళ్ళ తానికి ఎట్లొస్తం?"

చంద్రమ్మ చేతులు ఆగిపోయాయి.

"అయ్యో దేవుడా! పిల్ల బస్సుల నిలవడి వస్తదని జెప్పిన వదినా!"

"నిలవడుడా?" రత్నాబాయి గొంతుకు హాలు అదిరింది. "నేనుండంగ నా కోడలు బస్సుల నిలవడుతదా? కండక్టర్నే లేపి కూసోవెడుత! ప్రతి ఐతారం నీ ముంగటి కుర్సీల కూసోవెట్టింది ఎవరనుకున్నవు? నేనే. మూడు గంటలు ఎనుకకు తిరగకుండ కూసుంటే నా మెడ వట్టేసేది!"

చంద్రమ్మ మూడు పాయలూ మళ్ళీ అందుకుంది. అల్లడం పూర్తయింది. కొసకు దారం కట్టింది. డబ్బా ఆపరేటరుకు ఇచ్చేసింది.

"మా ఇంటికి రా" అని రత్నాబాయి అనలేదు. "మీరు రండి" అని చంద్రమ్మా అనలేదు. మర్యాద మర్యాదే! రత్నాబాయి మాత్రం తెర వంక చూస్తూ అంది.

"ఈ టాకీసుల సప్పుడు మంచిగ లేదు వదినా. సగం మాటలు ఇనవడవు."

"కామాటిపురల సప్పుడు మంచిగుంటది," అంది చంద్రమ్మ.

మరుసటి ఆదివారం, ఇంటి ముందున్న హాలును దాటుకుని రత్నాబాయి కోడలితో బస్సెక్కింది. వాడకట్టు అడిగితే సప్పుడు బాగాలేదంది. అదేం చిత్రమో, ఆ మాట వినగానే ధారావిలో ఇంకా చాలామందికి చెవులు సరిగ్గా వినబడటం మానేశాయి. వాళ్ళూ బస్సెక్కారు. ఒకరికి కామాటిపురలో అక్క ఉంది. ఒకరికి మేనమామ ఉన్నాడు. కామాటిపుర హాలు మళ్ళీ కిటకిటలాడింది.

కానీ పాఠకులారా, మన శంకర్రావుగారు ఊరుకునే మనిషా? ఎదుగుతున్న మనిషి! ధారావి జనం రావడం లేదని కంగారుపడి అక్కడ కొత్త స్పీకర్లు పెట్టించారు. ఇప్పుడు సప్పుడు బ్రహ్మాండంగా ఉంది. రత్నాబాయి ఒక్క రోజు ఆలోచించి, కుర్చీల్లో నల్లులున్నాయంది. కుర్చీలు కూడా మార్చేస్తున్నారట! పైగా ప్రతి హాలుకూ వేరే ప్రింటు కొంటారట. ఇకమీదట రీలు దారిలో ఉండదు, బొమ్మ ఎక్కడా ఆగదు, టయానికి అయిపోతుంది, ఎవరి ఇంటికి వాళ్ళు పోవచ్చు. ఇంకా ప్రతి చాళీకీ ఒక హాలు తెరవాలని ఆయన ఆశయమట. జనం సంతోషంతో చప్పట్లు కొడుతున్నారు.

నేను మాత్రం చేతులు జోడించి మనవి చేసుకుంటున్నాను. మీలో ఎవరికయినా మంచి వంకలు తెలిస్తే వెంటనే రత్నాబాయికి చెప్పండి. ఆమె దగ్గర అయిపోతున్నాయి. పురుటికి కోడల్ని కామాటిపుర పంపడానికి కూడా ఒకటి కావాలి. ధారావిలో పంపు నీళ్ళు బాలింతకు పడవంటే సరిపోతుందా అని నిన్న నన్ను అడిగింది. సరిపోతుందన్నాను.

ఎందుకంటే ఈ విషయంలో నాకు కొంత అనుభవముంది. నేనుండేది వర్లిలో. చిత్రమాలవారి హాలు మా గుమ్మం ఎదురుగానే ఉంది. అయినా ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కామాటిపుర వెళతాను. మా వర్లి హాలు తెర మీద మరక ఉందండీ, కుడివైపు మూలన, కంటికి ఒకటే అడ్డం. మా తమ్ముడు కిష్టయ్య కామాటిపురలోనే ఉంటాడు. మేమిద్దరం మాట్లాడుకుని చాలా కాలమయింది. వాడు పిలవడు, నేను అడగను. రెండు వరసల ముందు కూర్చుంటాడు, నేను వాడి తలకాయ వెనక భాగం చూస్తుంటాను. ఈ మధ్య జుట్టు బాగా పలచబడింది.

ఆ మరక గురించి దయచేసి శంకర్రావుగారికి ఎవరూ చెప్పకండి.